ఏనుగు రంగేంది బావా?

బావ: అందరికీ నమస్తే. బామ్మర్ది పొద్దున్నే మహబూబ్‌నగర్‌లో బస్సెక్కి నల్లగొండ వచ్చాడు, నా బల్ల ముందర కూర్చున్నాడు. మనం బల్ల మీద పాతకాలం యుద్ధాలు ఆడే చిన్న సైన్యం బొమ్మలకు ఎండాకాలంలో ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే పూత, కొట్టడం గురించి ఈసారి ముచ్చట. చాలామంది అడిగారు.

బామ్మర్ది: మన పాత గొడవ, ఆ తెల్ల గుర్రం బొమ్మ సంగతి కూడా అడిగారు.

బావ: అది ఎత్తకు.

బామ్మర్ది: ఎత్తను.

బావ: స్ప్రే డబ్బా వాడేవాళ్లు ఎండ ముదరకముందే కొట్టండి. మన ఎండకి తుంపర గాలిలోనే ఆరిపోయి బొమ్మ మీద ఇసుక చల్లినట్టు కూర్చుంటుంది. ఆ తర్వాత ఎంత మంచి రంగు వేసినా ముఖం గరుకే. వానాకాలంలో తేమకు బొమ్మ మీద తెల్లగా పొగ కమ్మినట్టు అవుతుంది. డబ్బా వద్దనుకుంటే బ్రష్‌తోనే పలచగా రెండు పూతలు వేయండి.

బామ్మర్ది: టిఫిన్ డబ్బా కూడా చెప్పు.

బావ: స్టీలు టిఫిన్ డబ్బా మూతలో తడిపిన టిష్యూ మడత పెట్టి, దాని మీద బేకింగ్ కాగితం పరిచి, రంగు అక్కడ పెట్టుకోండి. లేకపోతే మే నెలలో అక్రిలిక్ రంగు బ్రష్ మీదనే గట్టిపడుతుంది. అంతే. ఆ సంచిలో ఏంది?

బామ్మర్ది: ఏనుగులు. మూడు పూర్తి చేశాను.

బావ: ఏదీ... ఎర్రగా ఉన్నాయేంది బామ్మర్ది?

బామ్మర్ది: ఎర్రగానే ఉంటాయి. కాకతీయుల ఏనుగులు కదా. ఎండకీ ఈగలకీ ఏనుగు ఒంటి మీద మట్టి చల్లుకుంటుంది. మన ఎర్ర చెల్క నేలలో తిరిగే ఏనుగు మన నేల రంగులోనే ఉంటుంది.

బావ: అది అడవి ఏనుగు. సైన్యంలో ఏనుగుకి మావటి ఉంటాడు, చెరువులో పడుకోబెట్టి రుద్ది కడుగుతాడు. పానగల్లు ఉదయసముద్రం లాంటి చెరువు పక్కన పెట్టుకొని ఏనుగును మట్టితో యుద్ధానికి తోలుకపోతారా?

బామ్మర్ది: కడిగిన ఏనుగు గట్టెక్కి మొదట చేసే పని ఏంది? తొండంతో మట్టి తీసి వీపు మీద పోసుకోవడమే. ఏ మావటినైనా అడుగు.

బావ: మరి అలంకారం? నొసటి మీద రంగు ముగ్గులు, వీపు మీద జూలు గుడ్డ, గంటలు? మట్టి మీద ముగ్గు నిలుస్తుందా?

బామ్మర్ది: రామప్ప గుడి చుట్టూ కింది వరుసలో ఏనుగులు నడుస్తున్నాయి కదా. అవి ఏ రంగు?

బావ: అది రాయి రంగు! 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, గోడలకి ఎర్ర ఇసుకరాయి. అదే గుడి మదనికలు, ఆ ఆడ శిల్పాలు, నల్లరాయి. ఆ లెక్కన ఆడవాళ్లంతా నిగనిగలాడే నలుపు వేయాలా?

బామ్మర్ది: ...సరే, రామప్ప వదిలెయ్.

బావ: వదలను. రంగు ఎక్కడ నుంచి తెచ్చుకున్నామో తెలిసి వేయాలి. చందుపట్ల శాసనం చూడు...

బామ్మర్ది: వచ్చింది చందుపట్ల!

బావ: వస్తుంది. నకిరేకల్ పక్కన, మన ఇంటి నుంచి బండి మీద పోయి రావచ్చు. 1289 నవంబర్ 27. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయారని, వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి భూమి దానం చేశాడని ఉంది. రాతి మీద ఉన్నది అంత. ఎదురు తిరిగిన సామంతుడు అంబదేవుడితో యుద్ధంలో పోయిందని చరిత్రకారులు అంటారు గానీ, శాసనం ఆ మాట చెప్పదు. ఉన్నదెంత, మనం కలిపిందెంత, రెండూ విడిగా పెట్టుకోవాలి. నేను చెప్పేది అంతే.

బామ్మర్ది: నేను కలిపింది మట్టి. మట్టి అబద్ధం కాదు బావా.

బావ: బాగుంది మాట. అయినా ఒప్పుకోను. ఇటు చూడు, నాది. కింద ముదురు బూడిద రంగు. నలుపు కాదు. మనిషి ఎత్తు 15 మిల్లీమీటర్లుండే సైజు బొమ్మల మీద అచ్చ నలుపు వేస్తే బల్ల మీద రంధ్రంలా కనిపిస్తుంది. దాని మీద బ్రష్‌కి లేత రంగు అంటించి, గుడ్డకు తుడిచేసి, ఇక రంగు లేదనిపించినప్పుడు మెల్లగా రాకాలి. ముడతలన్నీ వాటంతట అవే లేస్తాయి. చెవుల అంచుకీ తొండం మొదలుకీ గులాబీ చుక్కలు.

బామ్మర్ది: చుక్కలు మస్తున్నాయి. అది నిజంగా బాగా చేశావు.

బావ: మన ఆసియా ఏనుగుకి వయసు మీద పడేకొద్దీ అక్కడ రంగు పోతుంది. దంతాలకు కూడా తెల్ల రంగు పూయకండి. మీగడ రంగు వేసి, మొదట్లో కొంచెం గోధుమ రంగు.

బామ్మర్ది: నావి పెద్దగట్టు జాతరలో కొన్న ప్లాస్టిక్ బొమ్మలు. అంగుళం ఎత్తు, మన గుర్రాల పక్కన సరిగ్గా సరిపోయాయి. కానీ చేటల్లాంటి చెవులు, వీపు మధ్యలో గుంట. అంటే ఆఫ్రికా ఏనుగు. బ్లేడుతో చెవులు కోసి చిన్నవి చేశాను, వీపు మీద ఎం-సీల్ పెట్టి ఉబ్బుగా చేశాను. తొండం కొసన రెండు పెదాలుంటే ఒకటి చెక్కేశాను. మనదానికి ఒక్కటే.

బావ: ఇది తొండం కొసేనా? కళ్లద్దాలు ఇటియ్యి... అబ్బ. ఎంత ఓపిక బామ్మర్ది నీకు.

బామ్మర్ది: నాలుగు రాత్రులు. అందుకే రంగు అంత తేలిగ్గా మార్చనంటున్నా.

బావ: జాయప సేనాని ఉంటే నిన్ను మెచ్చుకునేవాడు. గణపతిదేవుడి దగ్గర గజసాహిణి, ఏనుగుల దళమంతా ఆయన చేతి కిందే. అదే మనిషి నాట్యం మీద నృత్తరత్నావళి రాశాడు. ఏనుగుల నడకా నాట్యం నడకా ఒకే కంటితో చూసినవాడు.

బామ్మర్ది: ఆయన ఏనుగు రంగు రాసి ఉంటే మనకు ఈ గొడవ లేకపోయేది.

బావ: గొడవ నీది. పోయిన నెల దేవరకొండలో ఆడినప్పుడు నీ ఎర్ర ఏనుగు ఒకటి ఏం చేసిందో మరిచిపోయావా?

బామ్మర్ది: పాచికలో ఒకటి పడితే నేనేం చేయను?

బావ: ఎదురుగా విలుకాండ్రు, వాళ్ల ముందుకు ఏనుగును ఒంటరిగా తోలావు. పక్కన కాల్బలం లేదు. అది బెదిరి వెనక్కి తిరిగి నీ రెండు బేస్‌లనే, అంటే బొమ్మలు అతికించిన పలకలనే, తొక్కింది. పన్నెండు బేస్‌ల సైన్యంలో నాలుగు పోతే ఆట అయిపోయినట్టే, అందులో రెండు నీ ఏనుగే తీసింది.

బామ్మర్ది: నిజంలోనూ అంతే కదా. జామా యుద్ధంలో, క్రీస్తుపూర్వం 202లో, రోమన్లు వరుసల మధ్య సందులు వదిలి కార్తేజ్ సేనాని హన్నిబాల్ ఏనుగులను అట్లాగే పోనిచ్చారు. కొన్ని తిరిగి సొంతవాళ్ల మీదనే పడ్డాయి. ఏనుగు భయపడకపోతే అది ఏనుగుల ఆటే కాదు.

బావ: అదీ నిజమే. పదమూడో బేస్ ఉంటే...

బామ్మర్ది: ఉంటే!

బావ: సరే సరే. ఆ చిన్న డబ్బాలో ఏముంది?

బామ్మర్ది: మట్టి. దేవరకొండ ఖిల్లా కింద ఎత్తుకొచ్చాను. టీ జల్లెడలో పట్టి, పెనం మీద వేయించాను, పురుగు ఉండకుండా. బేస్ మీద ఫెవికాల్ నీళ్లలో కలిపి రాసి, ఇది చల్లి, తట్టేస్తే సరి. చూపిస్తా ఉండు... ఇట్లా.

బావ: ముదురు అయిపోయింది కదా.

బామ్మర్ది: జిగురు తాగితే అవుతుంది. ఆరినాక అదే మట్టి రంగు లేతగా కలిపి పైపైన రాకాలి. ఇప్పుడు నీ బూడిద ఏనుగు దీని మీద పెట్టు. పెట్టు బావా, ఒకసారి. మూడడుగులు వెనక్కి జరుగు.

బావ: ...

బామ్మర్ది: చెప్పు.

బావ: ఎక్కడి నుంచో తెచ్చి అతికించినట్టు ఉంది.

బామ్మర్ది: అదే నేను చెప్పేది. కాళ్ల కింద మన నేల ఉండి, ఒంటి మీద నేల లేకపోతే అది నిలబడ్డట్టు కనిపించదు.

బావ: మోకాళ్ల దాకా వేస్తా. వీపు మీద కొంచెం చల్లుతా. ముఖం కడిగే ఉంటుంది. ముగ్గులు చెరపను.

బామ్మర్ది: మోకాళ్ల దాకా అంటే ఒప్పుకున్నట్టే.

బావ: దుమ్ము ఒప్పుకున్నా, రంగు ఒప్పుకోలేదు. మావటి కష్టం నేను చెరపను. అక్క లోపల నుంచి నవ్వుతోంది, వినిపిస్తోందా?

బామ్మర్ది: అక్క నా వైపు. ఇంకో మాట అడుగుతా. ఆ మూల గుడ్డ కింద ఏముంది?

బావ: ఏం లేదు.

బామ్మర్ది: బావా.

బావ: రాణి రుద్రమదేవి బొమ్మ. రెండు నెలలు అయింది. జుట్టు దగ్గర ఆగాను.

బామ్మర్ది: నల్లగా వేసేయ్, అయిపోతుంది.

బావ: అదే వద్దంటున్నా. ఎక్కడ చూసినా పడుచు పిల్లను నిలబెడతారు. పాతికేళ్లకు పైగా రాజ్యం ఏలిన మనిషి. సామంతులు ఎదురు తిరుగుతుంటే, ఆ వయసులో కూడా సైన్యం వెంట ఉందంటే... పువ్వుల ముమ్మడి ఎవరు? ఒక సేవకుడు. పేరున్న పెద్దవాళ్లెవరూ ఆ తేదీ మనకు రాసిపెట్టలేదు, ఆయన రాయించాడు. చందుపట్ల పోయిన ప్రతిసారీ ఆ రాతి ముందు నాకు మాట రాదు. పెద్దావిడగానే చేస్తా. ఎవరు ఏమన్నా సరే.

బామ్మర్ది: ...చెయ్యి బావా. తెలుపు ఇస్తా ఉండు.

బావ: అచ్చ తెలుపు వద్దు. బూడిద రంగు కలుపు. తల పెసరగింజంత కూడా లేదు, పాపిట దగ్గర మొదలుపెట్టాలి. సన్న బ్రష్ ఇటియ్యి. లైటు కొంచెం దగ్గరికి జరుపు.

బామ్మర్ది: చెయ్యి వణుకుతోంది.

బావ: మోచెయ్యి బల్లకి ఆనించా, ఆగుతుంది. ఒక నిమిషం మాట్లాడకు.