పెడల్ నొక్కకముందు: కాస్మెటిక్ లేజర్ టెక్నీషియన్ శిక్షణ

సభకు నమస్కారం.

చర్మం మీద లేజర్ కాంతితో వెంట్రుకలు తొలగించడం వంటి పనులు చేసే కాస్మెటిక్ లేజర్ టెక్నీషియన్ కావాలంటే ఏం చదవాలి, ఎంతకాలం పడుతుంది, ఆ తరువాత పని దొరుకుతుందా అని డాలస్‌లో మన తెలుగు మహిళలు నన్ను ఎక్కడ కలిసినా అడుగుతారు. ఈ రోజు ఆ ప్రశ్నలకు నాకు తెలిసినంతవరకు జవాబు చెబుతాను. అయితే ఈ పనిలో కాలితో పెడల్ నొక్కి యంత్రాన్ని నడపడం కొన్ని వారాలలోనే పట్టుబడుతుందని, ఎవరి చర్మం మీద ఏ రోజున దానిని నడపకూడదో తెలుసుకోవడానికే సంవత్సరాలు పడుతుందని ముందే మనవి చేస్తున్నాను. నా ప్రసంగంలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

మొదలుపెట్టే ముందు రెండు జతల రక్షణ కళ్లద్దాలను మీ వరుసల్లోకి పంపుతున్నాను. రెండూ లేత ఆకుపచ్చగానే కనిపిస్తాయి. అంచున ముద్రించిన అంకెలను చదివి పక్కవారికి అందించండి. చివరలో వాటి గురించి మిమ్మల్నే అడుగుతాను.

ముందుగా చట్టం సంగతి. అమెరికాలో ఈ వృత్తికి దేశమంతటికీ ఒకే నియమం లేదు. ఏ రాష్ట్రం పద్ధతి ఆ రాష్ట్రానిదే. టెక్సాస్ శాసనసభ 2009లో లేజర్‌తో వెంట్రుకలు తొలగించే పనిని ప్రత్యేక చట్టం కిందికి తెచ్చింది. 2017 నుంచి దాని అమలు రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ చేతిలో ఉంది. ఇక్కడ నాలుగు మెట్లున్నాయి: శిక్షణలో ఉన్న అప్రెంటిస్, టెక్నీషియన్, సీనియర్ టెక్నీషియన్, ప్రొఫెషనల్. మొదటి మెట్టు ఎక్కడానికి 40 గంటల శిక్షణ కావాలి. రెండవ మెట్టుకు పైస్థాయి వారి పర్యవేక్షణలో కనీసం 100 చికిత్సలు, మూడవదానికి మరో 100 చేయాలి. నాలుగవదానికి గుర్తింపు పొందిన జాతీయ సంస్థ ఇచ్చే ధ్రువపత్రం అవసరం. ఫేషియల్, వ్యాక్సింగ్ వంటి పనులకు ఎస్థటీషియన్ లైసెన్సు కోసం 750 గంటలు చదవవలసిన ఇదే రాష్ట్రంలో, మనిషిని కాల్చగల యంత్రం దగ్గరికి 40 గంటలతో రానివ్వడం నాకు ఇప్పటికీ వింతగానే తోస్తుంది. ఆ 750 గంటలు చదివినంత మాత్రాన లేజర్ పట్టుకునే హక్కు రాదన్నది కూడా గుర్తుంచుకోండి. రెండూ వేర్వేరు దారులు.

ఈ ధ్రువపత్రం వెంట్రుకల తొలగింపుకు మాత్రమే చెల్లుతుంది. పచ్చబొట్టు తీయడం, మంగు మచ్చలు తగ్గించడం, మొటిమల గుంటలు పూడ్చడం వంటివి ఇక్కడ వైద్యం కిందికి వస్తాయి. వాటికి ముందుగా వైద్యుడు గానీ ఆయన తరఫున తగిన అర్హత గల నర్సు ప్రాక్టీషనర్ వంటివారు గానీ పరీక్షించి నిర్ణయించాలి. టెక్నీషియన్ తనంతట తాను చేయదగినవి కావు.

ఇక అసలు విద్య. 1960 మే 16న కాలిఫోర్నియాలోని మాలిబులో థియొడోర్ మైమన్ కెంపు స్ఫటికంతో మొదటి లేజర్‌ను వెలిగించారు. దానిని చర్మం మీద ప్రయోగించడం కొద్ది కాలంలోనే మొదలైనా, చుట్టూ ఉన్న చర్మాన్ని కాపాడుతూ లోపలి లక్ష్యాన్ని మాత్రమే వేడి చేయడం ఎలాగో సిద్ధాంతంగా తేలింది 1983లో, బోస్టన్‌కు చెందిన రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్‌ల పరిశోధనతో. వారు చెప్పినది మన వంటింటి భాషలో చెప్పవచ్చు. కాలిన పెనాన్ని వేలితో తాకి చటుక్కున తీసేస్తే చురుక్కుమంటుంది కానీ బొబ్బ లేవదు. అదే వేలిని అక్కడే ఉంచితే వేడి లోపలికి దిగుతుంది. ప్రతి కణజాలానికీ తనలోని వేడిని చుట్టుపక్కలకు వదిలేయడానికి కొంత సమయం పడుతుంది. పైపొర చర్మానికి అది కొన్ని మిల్లీసెకన్లు. దానికంటే లావైన వెంట్రుక కుదురుకు పదుల మిల్లీసెకన్లు. కాబట్టి కాంతిని ఎంత శక్తితో పంపుతున్నామన్నదానితో పాటు ఎంతసేపు పంపుతున్నామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. పచ్చబొట్టు రంగు రేణువు అతి చిన్నది కనుక దానికి నానోసెకన్లు, అంతకంటే తక్కువ కూడా చాలు.

మూడవ లెక్క కాంతి తరంగ దైర్ఘ్యం. వెంట్రుకకు రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది. చిక్కేమిటంటే అదే మెలనిన్ చర్మం పైపొరలోనూ ఉంటుంది. మనం వాడే మూడు రకాల లేజర్లలో 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ కాంతిని మెలనిన్ బాగా పీల్చుకుంటుంది, 810 దగ్గర పనిచేసే డయోడ్‌ను కొంత తక్కువగా, 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్‌ను ఇంకా తక్కువగా పీల్చుకుంటుంది. తెల్లని చర్మం, నల్లని జుట్టు ఉన్నవారికి మొదటిది హాయి. మనవంటి ఛాయ ఉన్నవారికి మూడవది క్షేమం, ఎందుకంటే అది పైపొరను అంతగా పట్టించుకోకుండా లోతుకు దిగుతుంది. ఇక తెల్లబడిన వెంట్రుకలో మెలనిన్ లేదు కనుక దాని మీద ఈ మూడింటిలో ఏదీ పనిచేయదు; ఆ మాట ముందే చెప్పి డబ్బు తీసుకోకుండా పంపడం మర్యాద.

చర్మాన్ని ఒకటి నుంచి ఆరు రకాలుగా విభజించే ఫిట్జ్‌పాట్రిక్ పట్టిక ప్రతి తరగతిలోనూ గోడ మీద ఉంటుంది. 1975లో థామస్ ఫిట్జ్‌పాట్రిక్ దానిని తయారుచేసినప్పుడు తెల్లవారి చర్మానికి సంబంధించిన నాలుగు రకాలే ఉండేవి. గోధుమ, నలుపు ఛాయలను తరువాత చేర్చారు. అంటే మొదటి పట్టికలో మనకు చోటు లేదు. ఇప్పటి ఆరు రకాల పట్టికలో మనలో ఎక్కువమందిమి నాలుగు, ఐదు రకాలకు చెందుతాం. కానీ ఒకే ఇంటి అక్కాచెల్లెళ్లలో కూడా ఎండకు స్పందించే తీరు వేరుగా ఉండవచ్చు కనుక, కంటితో చూసి అంకె వేయకుండా ఎండలో తిరిగితే నలుపెక్కుతారా, కందిపోతారా అని అడిగి రాసుకోవాలి.

ఆ అడగడం మరిచిపోయిన రోజు ఒకటి నాకుంది. అప్రెంటిస్‌గా ఉన్నప్పుడు నేను పనిచేసిన చోట ఒకామె కాళ్లకు మూడవ విడత చికిత్స కోసం వచ్చారు. గత రెండు విడతలూ సాఫీగా సాగాయి కనుక కాగితంలో ఉన్న పాత అంకెలనే యంత్రంలో పెట్టాను. అంతకు ముందు వారమంతా ఆమె గాల్వెస్టన్ సముద్రతీరంలో గడిపారన్న సంగతి రెండు రోజుల తరువాత, కాళ్ల మీద వరుసగా తేలిన గోధుమరంగు చారలను చూపించడానికి వచ్చినప్పుడు తెలిసింది. ఆ చారలు పోవడానికి నెలలు పట్టింది. యంత్రం సరిగానే పనిచేసింది, అంకెలూ తప్పు కావు. అవి నెలన్నర కిందటి చర్మానికి సరిపోయే అంకెలు. ఆనాటి నుంచి ఎన్నవ విడత అయినా సరే మొదటి రోజు అడిగిన ప్రశ్నలన్నీ మళ్లీ అడుగుతాను, విసుక్కున్నా సరే.

మనవారిని అడగవలసిన ప్రశ్నలు కొన్ని పుస్తకాల్లో ఉండవు. ఇండియా వెళ్లి వచ్చారా అని అడగండి. అక్కడి ఎండ ఒక కారణమైతే, మలేరియా రాకుండా వేసుకునే డాక్సీసైక్లిన్ మాత్ర చర్మాన్ని కాంతికి సున్నితం చేయడం మరొక కారణం. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతుంటే తప్పకుండా వైద్యుడికి చెప్పాలి. పైపెదవికీ గడ్డానికీ ఏళ్ల తరబడి థ్రెడింగ్ చేయించుకున్నవారు ముందు రోజు కూడా చేయించుకుని వస్తారు. కుదుళ్లతో సహా పీకేస్తే లేజర్‌కు లక్ష్యమే మిగలదు. కనీసం నాలుగు వారాలు పీకడం ఆపి, ముందు రోజు గీసుకుని రమ్మంటే, గీస్తే దట్టంగా మొలుస్తాయని అమ్మ చెప్పిందంటారు. అది నిజం కాదని ఓపికగా వివరించడం కూడా మన పనిలో భాగమే.

పీసీఓఎస్ అనే అండాశయాల, హార్మోన్ల సమస్య ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. హార్మోన్లు అదుపులో లేకపోతే కొత్త వెంట్రుకలు వస్తూనే ఉంటాయి. దక్షిణాసియా స్త్రీలలో ముఖం, మెడ మీద కొందరికి లేజర్ తరువాత వెంట్రుకలు తగ్గకపోగా పెరిగే అవకాశం కూడా ఉందని వైద్య సాహిత్యం చెబుతోంది. ముందే చెప్పి సంతకం తీసుకోని టెక్నీషియన్ ఆ తరువాత ఏం చెప్పినా సాకుగానే వినిపిస్తుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ కూడా ఈ యంత్రాల గురించి శాశ్వత తొలగింపు అనకుండా శాశ్వత తగ్గింపు అనే మాటనే అనుమతిస్తుంది. మీరూ అదే మాట వాడండి.

చికిత్స గదిలో కళ్లు చూడవలసినది తెరను కాదు, చర్మాన్ని. పరీక్ష కోసం చిన్న చోట పల్స్, అంటే ఒక్క మెరుపు కాంతి, వేశాక కుదురు చుట్టూ సన్నని పొంగు, లేత ఎరుపు వస్తే సరైన గుర్తు. చర్మం బూడిదరంగుకో తెలుపుకో తిరిగితే వెంటనే ఆపాలి. మన ఛాయ చర్మంలో మార్పు ఆలస్యంగా కనిపిస్తుంది కనుక పరీక్ష చేసిన వెంటనే మొత్తం చేసేయకుండా రెండు రోజులైనా ఆగి చూడటం మేలు. పుట్టుమచ్చల మీదుగా హ్యాండ్‌పీస్‌ను, అంటే కాంతి వెలువడే చేతి పరికరాన్ని, నడపకూడదు. కనుబొమలకు కింద, కంటిగూటి లోపల అసలే కూడదు.

వీసా మీద ఉన్నవారికి ఒక మాట. హెచ్‌-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాములకు ఇచ్చే హెచ్‌-4 మీద ఉండి పని అనుమతి లేనివారు తరగతులకు హాజరు కావచ్చు. కానీ ఆ తరువాత చేయవలసిన 100 చికిత్సలను, జీతం లేకపోయినా, ఉద్యోగంగా పరిగణించే ప్రమాదం ఉంది. ఫీజు కట్టకముందే ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగండి. భర్త ఉద్యోగం రేపు కాలిఫోర్నియాలోని బే ఏరియాకు మారితే ఈ ధ్రువపత్రం మీ వెంట రాదు. ఆ రాష్ట్రంలో లేజర్‌ను వైద్యులు, నర్సులు, ఫిజీషియన్ అసిస్టెంట్లే వాడాలి. అక్కడ స్థిరపడే ఆలోచన ఉన్నవారికి నర్సింగ్ చదవమనే నేను సలహా ఇస్తాను.

కళ్లద్దాలు వెనుక వరుసకు చేరినట్టున్నాయి. లేజర్ కాంతి కంటిలోని కటకం గుండా వెళ్లి రెటీనా మీద చుక్కలా కేంద్రీకృతమవుతుంది. రెటీనాకు నొప్పి తెలియదు, 1064 నానోమీటర్ల కాంతి కంటికే కనిపించదు. అందుకే అద్దాలను రంగు చూసి ఎంచుకోకూడదు. అంచు మీద ఏ తరంగ దైర్ఘ్యానికో, ఎంత ఆప్టికల్ డెన్సిటీయో, అంటే కాంతిని ఎంత అడ్డుకుంటుందో, రాసి ఉంటుంది. 5 అని ఉంటే లక్షలో ఒక వంతు కాంతి మాత్రమే లోపలికి వస్తుందని అర్థం. మీ చేతిలో ఉన్న రెండింటిలో ఒకటి అలెగ్జాండ్రైట్‌కు, ఒకటి ఎన్‌డీ యాగ్‌కు. ఏది దేనిదో చదివినవారు చెప్పండి, అక్కడి నుంచి ప్రశ్నలు మొదలుపెడదాం.