బ్రెజిల్ దక్షిణాన వలసదారుల పట్టణాలు

శ్రోతలకు నమస్కారం.

బ్రెజిల్ అనగానే మనకు రియో నగరంలోని కార్నివాల్, అమెజాన్ అడవులు గుర్తుకొస్తాయి. ఆ దేశపు దక్షిణ కొసన ఉన్న పరానా, సాంటా కటరీనా, రియో గ్రాండి దో సుల్ రాష్ట్రాల తీరు వేరు. 1822లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న బ్రెజిల్, జనం పలచగా ఉన్న ఈ ప్రాంతంలో వ్యవసాయం పెంచాలని, సరిహద్దులను పదిలం చేసుకోవాలని, భూమి ఇస్తామని చెప్పి యూరప్ నుంచి రైతు కుటుంబాలను రప్పించింది. తొలి జర్మన్ బృందం 1824 జులై 25న ఇప్పటి సావో లియోపోల్డోకు చేరింది.

ఇలా వెలసిన వలసదారుల పట్టణాల్లో యాత్రికులు ఎక్కువగా వెళ్లేది బ్లూమెనావ్‌కు. హెర్మన్ బ్లూమెనావ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త 1850లో ఇటజాయి-అసు నది ఒడ్డున 17 మంది వలసదారులతో ఈ ఊరికి పునాది వేశాడు. నవంబర్ 15 వీధిలో నడిచే వారంతా అక్కడి కోటలాంటి దుకాణం ముందు ఆగి ఫొటోలు తీసుకుంటారు. అది జర్మనీలోని మిషెల్‌స్టాట్ పురపాలక భవనానికి నకలు, 1978లో కట్టింది. ఆ దశకంలోనే, జర్మన్ పద్ధతిలో ముఖభాగం కట్టుకున్న వారికి పురపాలక సంఘం పన్ను రాయితీ ఇచ్చింది. ప్రసిద్ధమైన ఆక్టోబర్‌ఫెస్ట్ అనే బీరు పండుగ కూడా తాతల నాటిది కాదు. 1983, 1984 సంవత్సరాల్లో వరుసగా వచ్చిన వరదలకు కుదేలైన ఊరు తిరిగి కోలుకోవడానికి 1984 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఉత్సవం అది. నన్నడిగితే, ఈ ఊళ్లో ముందుగా చూడవలసింది ఫ్రిట్జ్ ముల్లర్ నివసించిన ఇల్లు. 1852లో ఇక్కడికి వలస వచ్చిన ఈ ప్రకృతి శాస్త్రవేత్త ఏళ్ల తరబడి డార్విన్‌తో ఉత్తరాలు నడిపాడు, సీతాకోకచిలుకల రంగుల పోలికలపై ఆయన చేసిన పరిశీలన నేటికీ జీవశాస్త్ర పాఠాల్లో ఉంది.

అసలైన పాత ఇళ్లు చూడాలంటే పక్కనే ఉన్న పొమెరోడికి వెళ్లాలి. అక్కడి ఇళ్లలో బరువు మోసేది గోడ కాదు, కలప చట్రం. దూలాలను ఇనుప మేకులు లేకుండా చెక్క చీలలతో బిగించి, మధ్య ఖాళీలను ఇటుకతో నింపారు. ఏ దూలం ఎక్కడ అమరాలో తెలిసేలా వడ్రంగులు వాటిపై రోమన్ అంకెలు చెక్కేవారు. జర్మనీలో అవసరం లేని వరండా, ఇక్కడి ఎండవానల వల్ల ఈ ఇళ్లకు వచ్చి చేరింది.

1875 నుంచి వచ్చిన ఇటాలియన్లకు కొండ ప్రాంతాలే మిగిలాయి. కాషియస్ దో సుల్, బెంటో గొన్‌సాల్వెస్ చుట్టూ వారు ద్రాక్ష వేశారు. వెంట తెచ్చిన యూరప్ తీగలు తేమకు నిలవకపోతే, ఇజబెల్ అనే అమెరికా రకం వారిని నిలబెట్టింది. ఇటలీలోని వెనెటో ప్రాంతపు మాండలికానికి పోర్చుగీసు కలిసి ఏర్పడిన వారి తాలియన్ భాషను 2014లో బ్రెజిల్ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించారు. అదే దేశం 1930ల చివర, అధ్యక్షుడు వర్గాస్ పాలనలో, విదేశీ భాషల్లో బోధించే బడులను మూయించింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నలుగురిలో జర్మన్, ఇటాలియన్ మాట్లాడటాన్నే నిషేధించింది.

యాత్రా కరపత్రాల్లో కనిపించని సంగతి ఒకటుంది. ఈ భూములు ఖాళీగా లేవు. షోక్లెంగ్, కైంగాంగ్ అనే ఆదివాసులు అక్కడ ఉండేవారు. వారిని తరిమివేయడానికి, చంపడానికి కిరాయి వేటగాళ్లను పెట్టారు. బ్లూమెనావ్‌ను వరదల నుంచి కాపాడటానికి ఎగువన జోసె బ్వాతె వద్ద కట్టిన ఆనకట్ట, నీరు నిలిపినప్పుడల్లా షోక్లెంగ్‌ల భూమినే ముంచుతోంది. షోక్లెంగ్‌ల భూమి హక్కుపై నడిచిన వ్యాజ్యంలో, 1988లో రాజ్యాంగం వచ్చిన నాటికి ఆధీనంలో ఉన్న నేలకే ఆదివాసుల హక్కు పరిమితమన్న వాదనను 2023 సెప్టెంబర్‌లో ఆ దేశ సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.