టాపెట్ కవర్ మీద పెయింట్ ఊడేది వేడికి కాదు, నూనెకి

[స్క్రీన్ మీద: పెచ్చులు లేచిన ఎర్ర పెయింట్‌తో టాపెట్ కవర్, బాగా దగ్గరగా]

నమస్తే అండి. ఈ టాపెట్ కవర్, అంటే ఇంజిన్ మీద పైన ఉండే మూత, చూడండి. గోరుతో గీకితే చాలు, పొరలు పొరలుగా లేచి వస్తోంది. ఎందుకు ఊడిందని పెయింట్ షాపులో అడిగినా, గ్యారేజీలో అడిగినా ఒకటే జవాబు: "ఇంజిన్ వేడి కదా, 600 డిగ్రీల పెయింట్ కొట్టాల్సింది."

ఈ మాట వింటే నాకు ఉండబట్టదు. టాపెట్ కవర్ లోపల ఎగిరేది ఇంజిన్ ఆయిలే. కవర్ వేడి మామూలుగా 100 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. మంచి ఇంజిన్ ఎనామెల్, అంటే ఇంజిన్లకని చేసిన మామూలు పెయింట్, దాన్ని హాయిగా తట్టుకుంటుంది. 600 డిగ్రీల పెయింట్ సైలెన్సర్ పైపులకి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి తయారుచేసింది. అలాంటి పెయింట్లు గట్టిపడాలంటే 200, 300 డిగ్రీల దాకా దశలవారీగా వేడి చేయాలని చాలావాటి డబ్బా మీదే రాసి ఉంటుంది. టాపెట్ కవర్‌కి ఆ వేడి ఎప్పటికీ తగలదు. అంటే ఎక్కువ డబ్బులు పెట్టి, ఎప్పటికీ పూర్తిగా గట్టిపడని పెయింట్ కొట్టుకున్నట్టు. దాని మీద కాస్త పెట్రోల్ పడితే మరక, గుడ్డతో తుడిస్తే రంగు గుడ్డకి.

మరి ఊడింది దేనికి? నెమ్ము పట్టిన గోడకు సున్నం వేయడం చూశారు కదా. పండక్కి వేస్తాం, వేసిన రోజు తెల్లగా మెరుస్తుంది, కొన్నాళ్లకే ఉబ్బి పెచ్చులు రాలుతుంది. సున్నంలో తప్పు లేదు, తడి గోడ లోపల ఉంది. ఈ కవర్ కూడా నెమ్ము గోడే. పోతపోసిన అల్యూమినియంలో కంటికి కనబడని సన్నటి రంధ్రాలు ఉంటాయి. ఏళ్ల తరబడి ఆయిల్ వాటిలోకి దిగి కూర్చుంటుంది. మీరు పైన ఎంత తుడిచినా అది లోపలే ఉంటుంది. ఇంజిన్ వేడెక్కినప్పుడు పైకి వచ్చి పెయింట్‌ని కింద నుంచి లేపుతుంది. అందుకే, వేడికి ఊడిందని అందరూ అనుకుంటారు.

[స్క్రీన్ మీద: పాత హోండా సిటీ బానెట్ ఎత్తిన షాట్]

ఈ రోజు బండి 1998లో మన దేశంలోకి వచ్చిన మొదటి తరం హోండా సిటీ. డి సిరీస్ ఇంజిన్, అల్యూమినియం కవర్. ఇంట్లో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఇంజిన్ నాకు తెలియదు. అన్నీ చేతికి అందుతాయి.

విప్పే ముందు ఫోన్‌తో నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. కవర్ చుట్టూ ఉన్న దుమ్ముని ముందే ఊదేయండి, లేకపోతే కవర్ లేపగానే ఆ ఇసుకంతా క్యామ్ షాఫ్ట్, అంటే వాల్వుల్ని తెరిచే కడ్డీ, మీద పడుతుంది. ప్లగ్ వైర్లకు నంబర్లు రాసి, రబ్బరు బూటు దగ్గర పట్టుకుని లాగండి, వైరు పట్టుకుని లాగకండి. ప్లగ్ గుంతల్లో ఆయిల్ కనబడితే ప్లగ్గులు విప్పకండి, ముందు ఆ ఆయిల్ గుడ్డతో పీల్చేయండి. అక్కడ ఆయిల్ ఉందంటే కవర్ అడుగున ఉండే ప్లగ్ ట్యూబ్ సీళ్లు అయిపోయాయని అర్థం, అవి కూడా కొనాలి. తర్వాత బ్రీతర్ పైపు, పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి గాలి, ఆవిరి పోయే పైపులు ఇవి), కవర్‌కి బిగించిన ఎర్త్ వైరు, చివరగా పైన టోపీ నట్లు. 10 నంబర్ సాకెట్ చాలు.

కవర్ అంటుకుపోయి రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చకండి, దయచేసి. అల్యూమినియం మీద ఒక్క గాటు పడితే కవర్ అంచు కింద ఎంత కొత్త రబ్బరు ప్యాకింగ్ (గాస్కెట్) వేసినా అక్కడి నుంచి ఆయిల్ చెమరుస్తూనే ఉంటుంది. రబ్బరు సుత్తితో పక్క నుంచి మెల్లగా తట్టండి, వదులుతుంది. విప్పాక తెరుచుకున్న ఇంజిన్ మీద శుభ్రమైన గుడ్డ కప్పండి. బనియన్ వేస్ట్ మాత్రం వద్దు, దాని పోగులు ఊడి ఆయిల్‌తో పాటు కింద స్ట్రైనర్, అంటే ఆయిల్ జల్లెడ, దాకా పోతాయి. టైమింగ్ బెల్ట్ వైపు నట్టు, వాషర్ ఏదీ జారి పడకుండా చూసుకోండి.

[స్క్రీన్ మీద: కవర్ బోర్లించి, లోపలి బాఫిల్ ప్లేట్ చూపిస్తూ]

ఇప్పుడు అసలు పని. నేను ఎక్కువ సమయం తీసుకునేది ఇక్కడే, మీరు కూడా ఇక్కడే తీసుకోండి.

గ్యారేజీలో దీన్ని డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో కడిగి ఇస్తారు. మడ్డి పోతుంది, కవర్ నిగనిగలాడుతుంది. ఆ నిగనిగే సమస్య. డీజిల్ ఆరిపోయాక సన్నటి జిడ్డు పొర మిగులుతుంది. తడి గోడ మీద మళ్లీ నీళ్లు చల్లినట్టే. కాబట్టి డీజిల్‌తో మడ్డి తీసేసినా, తర్వాత వేడి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, బ్రష్ పెట్టి రెండు మూడు సార్లు తోమండి. కాస్టిక్ సోడా జోలికి మాత్రం వెళ్లకండి. ఇనుప సామాన్లకి వాడినట్టు అల్యూమినియంకి వాడితే లోహాన్నే తినేస్తుంది, నల్లగా మారుస్తుంది. కొన్ని ఓవెన్ క్లీనర్లలో కూడా అదే ఉంటుంది, డబ్బా మీద చదివి చూడండి.

"శాండ్ బ్లాస్టింగ్ చేయిస్తే ఒక్క గంటలో అయిపోతుంది కదా" అంటారు. ఈ రేకు చూడండి, దీన్ని బాఫిల్ ప్లేట్ అంటారు. ఆయిల్ తుంపర బ్రీతర్ పైపులోకి వెళ్లకుండా ఆపుతుంది. దీని వెనక ఖాళీ ఉంది. బ్లాస్టింగ్ ఇసుక అందులోకి వెళ్లి దాక్కుంటే ఎంత ఊదినా పూర్తిగా రాదు. బండి నడిచాక ఒక్కొక్క రేణువూ ఆయిల్‌లో కలిసి బేరింగుల దాకా వెళ్తుంది. రంగు కోసం ఇంజిన్‌ని పణంగా పెట్టడం నాకు ఎంత మాత్రం ఇష్టం లేదు. చేత్తో ఎమరీ పట్టండి. 180 నంబర్‌తో మొదలుపెట్టి 320తో ముగించండి. పాత పెయింట్ లేస్తున్న చోటంతా తీసేయాలి. గోడ గీకకుండా సున్నం వేయం కదా.

కడిగారు, రుద్దారు, ఇంకా నెమ్ము లోపలే ఉంది. దాన్ని బయటికి రప్పించాలి. కవర్ పూర్తిగా ఆరాక హీట్ గన్‌తో అంతటా చెయ్యి పెట్టలేనంత వేడి చేయండి. నట్లు కూర్చునే గుంతల చుట్టూ, అక్షరాల పక్కన గమనించండి.

[స్క్రీన్ మీద: వేడెక్కిన లోహం మీద గోధుమ రంగు చెమట మచ్చలు]

చూశారా, శుభ్రంగా ఉందనుకున్న చోట ఎలా చెమరుస్తోందో. చల్లారనివ్వండి, థిన్నర్‌తో తడిపిన తెల్లగుడ్డతో తుడవండి. థిన్నర్ పూర్తిగా ఆరిపోయాకే మళ్లీ వేడి చేయండి. ఆవిరి ఉండగా హీట్ గన్ పెడితే మంట అంటుకుంటుంది. ఆరుబయటే చేయండి. తెల్లగుడ్డకి పసుపు మరక రావడం ఆగేదాకా వేడి, తుడుపు, వేడి, తుడుపు. ఎన్నిసార్లు అని అడిగితే నేను చెప్పలేను, గుడ్డే చెప్తుంది. వంటకి వాడే ఓవెన్‌లో మాత్రం పెట్టకండి.

ఇక మాస్కింగ్. ప్యాకింగ్ కూర్చునే గాడి, స్టడ్‌లు (నట్లు ఎక్కే మరల కడ్డీలు) దూరే రంధ్రాలు, నట్టు కింద వాషర్ ఆనే చోటు, ఆయిల్ మూత మరలు, ఎర్త్ వైరు బిగించే చోటు, వీటన్నిటికీ టేప్ అంటించండి. ఎర్త్ దగ్గర పెయింట్ ఉంటే కరెంటు సరిగ్గా పారదు. వాషర్ కింద పెయింట్ ఉంటే అది నలిగిపోయి నట్టు వదులవుతుంది. కవర్ లోపలి వైపు పెయింట్ అసలు వద్దు. ఊడితే ఆ పెచ్చులు ఆయిల్‌లోనే పడతాయి.

నగ్నంగా ఉన్న అల్యూమినియం మీద మామూలు ప్రైమర్ సరిగ్గా పట్టదు, లోహాన్ని కాస్త కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ సన్నగా ఒక పొర కొట్టండి. పైన ఏ పెయింట్ అన్నది మీ ఇష్టం. నాకైతే రింకిల్ ఫినిష్, అంటే ముడతలు పడే పెయింట్, ఇష్టం. హోండా టైప్ ఆర్ బండ్లలో కంపెనీ నుంచే ఎర్ర ముడతల కవర్ వచ్చేది. పోతలో ఉన్న చిన్న చిన్న గుంతల్ని ఆ ముడతలు దాచేస్తాయి. దీన్ని మామూలు పెయింట్‌లా పల్చగా కొడితే ముడత రాదు. దండిగా మూడు పొరలు, మధ్యలో ఐదు నిమిషాల చొప్పున ఆగి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా, ఒకటి ఐమూలగా. ఆ తర్వాత కాస్త వేడి తగిలితే మీ కళ్ల ముందే ముడతలు లేస్తాయి. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి, గాల్లో తేమకి పెయింట్ పాలిపోతుంది. పెయింట్ గట్టిపడ్డాక ఉబ్బెత్తు అక్షరాల మీద మాత్రం, చెక్క ముక్కకి 320 ఎమరీ చుట్టి రుద్దితే తెల్లగా తేలతాయి.

[స్క్రీన్ మీద: కొత్త ప్యాకింగ్, సీళ్లు, వాషర్లు]

వీడియో ఇప్పటికే పొడవైంది, బిగింపు గబగబా చెప్తాను. పాత ప్యాకింగ్ వాడకండి. కొత్త ప్యాకింగ్, నాలుగు ప్లగ్ ట్యూబ్ సీళ్లు, నట్ల కింద రబ్బరు వాషర్లు, మూడూ కొనండి. కవర్‌నీ, అది కూర్చునే ఇంజిన్ పైభాగాన్నీ, అంటే హెడ్‌నీ, పొడిగా తుడవండి. సిలికాన్ సీలెంట్ ప్యాకింగ్ మొత్తానికి పూయకండి, చివర్లలో క్యామ్ హోల్డర్లు (క్యామ్ షాఫ్ట్‌ని పట్టి ఉంచే ముక్కలు) హెడ్‌తో కలిసే మూలల్లో చిన్న బొట్లు చాలు. మిగులు సిలికాన్ లోపలికి ఊడితే అదీ స్ట్రైనర్‌కే చేరుతుంది.

కవర్ పెట్టి నట్లన్నీ చేత్తో తిప్పండి. మధ్య నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో బిగించండి. ఈ ఇంజిన్‌కి కావాల్సింది 9.8 న్యూటన్ మీటర్లు, అంటే దాదాపు ఒక కేజీ-మీటర్. చాలా తక్కువ. పొడవు రాట్చెట్‌తో బలం పెట్టారంటే స్టడ్ మరలు పోతాయి లేదా ప్యాకింగ్ నలిగి బయటికి వస్తుంది. ఆయిల్ ఆపేది రబ్బరు, నట్టు కాదు.

ఎర్త్ వైరు, బ్రీతర్, పీసీవీ, ప్లగ్ వైర్లు. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-4-2, నంబర్లు రాసుకున్నారు కాబట్టి ఇబ్బంది లేదు. సీలెంట్ ట్యూబు మీద రాసినంత సేపు ఆగి స్టార్ట్ చేయండి. పది నిమిషాలు నడవనిచ్చి టార్చ్ వేసి చుట్టూ చూడండి. రేడియేటర్ వైపు ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఈ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ అటే ఉంటుంది. దాని మీద ఆయిల్ చుక్కలు పడితే పొగ వస్తుంది, మంట కూడా అంటుకోవచ్చు. ఎక్కడైనా చెమరుస్తుంటే నట్టు ఇంకాస్త తిప్పకండి. ఇంజిన్ చల్లారాక కవర్ లేపి ప్యాకింగ్ గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూడండి.