రైల్వే గేటు దగ్గర లెక్కకు అందనిది

శ్రోతలకు నమస్కారం.

రోడ్డు రైలు పట్టాలను దాటే చోట ప్రమాదం ఏ మేరకు పొంచి ఉందో అంచనా వేయడానికి మన రైల్వేలో ట్రెయిన్ వెహికల్ యూనిట్ అనే కొలత ఉంది. వాడుకలో టీవీయూ అంటారు. ఒక రోజులో ఆ గేటు మీదుగా నడిచే రైళ్ల సంఖ్యను, దాన్ని దాటే వాహనాల యూనిట్లతో గుణిస్తారు. 30 రైళ్లు, 200 యూనిట్లు అయితే 6,000. లారీ అయినా ఎడ్లబండి అయినా ఒక యూనిట్, ఆటో అర యూనిట్. ఈ లెక్క లక్షకు చేరిన చోట పైవంతెన ప్రస్తావన వస్తుంది.

ఖాళీ లారీ ఒక యూనిట్. పిల్లలతో నిండిన బడి బస్సు కూడా ఒకే యూనిట్. నా మనసు ప్రతిసారీ ఇక్కడే ఆగిపోతుంది.

2014 జులై 24న ఉదయం మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర పట్టాలు దాటుతున్న ఒక బడి బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొంది. అక్కడ గేటు లేదు, గేట్‌మ్యాన్ లేడు. పదిమందికి పైగా పిల్లలు, వారితో పాటు డ్రైవరు మరణించారు. పుస్తకాల సంచులు పట్టాల పక్కన చెల్లాచెదురుగా పడి ఉన్న దృశ్యం చూసినవారు మరచిపోలేరు.

రైలు, బండి ఎన్నిసార్లు ఎదురుపడే అవకాశం ఉందో టీవీయూ చెబుతుంది. బండి నడిపే డ్రైవరు కంటికి రైలు కనబడుతుందో లేదో చెప్పదు. రోడ్డు పట్టాలకు ఏటవాలుగా వచ్చి కలిస్తే డ్రైవరు భుజం మీదుగా వెనక్కి తిరిగి చూడాలి. కట్ట ఎక్కుడుగా ఉంటే అతని ధ్యాస గేరు మీద ఉంటుంది. మలుపులో తుమ్మచెట్లు పెరిగి ఉంటే ఎంత చూసినా కనబడదు.

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు సెకనుకు దాదాపు 28 మీటర్లు నడుస్తుంది. ఆగి ఉన్న ట్రాక్టరు, వెనుక ట్రాలీతో సహా అవతలికి చేరడానికి పది సెకన్లు పట్టిందనుకుందాం. ఆలోపు రైలు 280 మీటర్లు వచ్చేస్తుంది. విద్యుత్ లైన్ల స్తంభాల మధ్య ఎడం 72 మీటర్లకు మించదు కాబట్టి, ఇరువైపులా కనీసం ఐదు స్తంభాల వరకు పట్టాలు స్పష్టంగా కనబడకపోతే, టీవీయూ ఎంత తక్కువగా ఉన్నా ఆ చోటు ప్రమాదకరమనే నేను లెక్కిస్తాను.

బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లను 2019 జనవరి నాటికి తొలగించారు. అయినా కర్మాగారాలకు వెళ్లే సైడింగుల మీద, అంటే ప్రధాన లైను నుంచి చీలి వెళ్లే పట్టాల మీద, ఇలాంటి చోట్లు ఎదురుకావచ్చు. అక్కడ ఏం చేయాలో మోటారు వాహనాల చట్టం 131వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది: బండి ఆపాలి, కండక్టరో సహాయకుడో దిగి పట్టాల దాకా నడిచి వెళ్లి, ఏ వైపు నుంచీ రైలు రావడం లేదని నిర్ధారించుకుని, ముందు నడుస్తూ బండిని అవతలికి దాటించాలి. బండిలో అలాంటి వారు లేకపోతే డ్రైవరే దిగి చూసుకోవాలి.