మిస్ కొడుతున్న ఇంజన్, నాలుగు రోజులకోసారి పడుకునే బ్యాటరీ

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. ఈ వారం బయట తిరిగే వీడియో లేదు. తిప్పాల్సిన బండే బానెట్ తెరుచుకుని ఇంటి ముందు నిలబడింది. పాతవాళ్లకు తెలుసు, మాది 2008 మోడల్. రెండు లక్షల కిలోమీటర్లు ఎప్పుడో దాటేసింది. ఈ దేశం వచ్చిన కొత్తలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, ఒక ఏడాది వాడి మార్చేద్దామని. ఆ ఏడాది ఇంకా పూర్తి కాలేదు.

గురువారం సాయంత్రం అమ్మాయిని తీసుకొస్తుంటే సిగ్నల్ దగ్గర బండి ఒకటే వణుకు. సీటు కింద ఎవరో దూరి కుదుపుతున్నట్టుంది. గ్రీన్ పడ్డాక యాక్సిలరేటర్ తొక్కితే పికప్ లేదు, ఖళ్లు ఖళ్లుమని దగ్గు. డ్యాష్‌బోర్డ్ మీద చెక్ ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతోంది. ఈ తేడా గుర్తుంచుకోండి. ఆ లైటు నిలకడగా వెలుగుతూ బండి మామూలుగానే నడుస్తుంటే నాలుగు రోజుల్లో వీలు చూసుకుని చూపించుకోవచ్చు. ఆరుతూ వెలుగుతుంటే మాత్రం ఇంజన్ గట్టిగా మిస్ కొడుతోందని, అంటే పెట్రోలు సరిగా మండడం లేదని అర్థం. సిలిండర్‌లో మండని పెట్రోలు అలాగే బయటికి పోయి పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. అది విపరీతంగా వేడెక్కి లోపలి జల్లెడ కరిగిపోయే ప్రమాదం ఉంది. బండిలో బాగా ఖరీదైన భాగాల్లో అదొకటి. నిజానికి నేను అక్కడే ఆపేయాల్సింది. రెండు వీధులే కదా అని, తొక్కీ తొక్కనట్టు తొక్కుతూ ఇంటికి తెచ్చేశాను. మీరు అలా చేయకండి.

మా ఆయన చూసి, "మెకానిక్‌కి ఇచ్చేద్దామా?" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. కానీ ఇక్కడ బానెట్ ఎత్తి చూసినందుకే ఒక ఫీజు, ఆపైన పార్టులు, ఆపైన గంటల లెక్కన కూలి. "ఒక్క శనివారం నాకివ్వండి, దొరక్కపోతే ఇచ్చేద్దాం" అన్నాను. "సరే, నేనేం చేయాలి?" అన్నారు. టార్చ్ చేతికిచ్చాను.

ముందు స్కానర్. స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది, దాన్ని ఓబీడీ2 పోర్ట్ అంటారు. అమెరికాలో 1996 మోడల్ నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి ఇది తప్పనిసరి. కాబట్టి బండి పాతదని భయపడక్కర్లేదు, చాలావాటికి ఉంటుంది. అగ్గిపెట్టెంత బ్లూటూత్ ముక్క అందులో గుచ్చి, ఫోన్‌లో యాప్ తెరిస్తే చాలు. అందులో పడ్డ తప్పు కోడ్‌ని మా అమ్మాయి గట్టిగా చదివింది: "అమ్మా, పీ జీరో త్రీ జీరో త్రీ!" చివర సున్నా వచ్చి పీ0300 అయితే, మిస్ ఒక్క సిలిండర్‌కే పరిమితం కాలేదని. చివర 1, 2, 3, 4 ఉంటే ఆ నంబరు సిలిండర్. మాకు మూడోది.

ఇక్కడ చాలామంది చేసే పని, పోయినేడాది నేనూ చేసిన పని ఒకటి చెప్పాలి. అప్పుడు పీ0171 వచ్చింది. గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది అని దాని అర్థం. ఆ సంగతి బండిలోని కంప్యూటర్‌కు చెప్పేది ఆక్సిజన్ సెన్సర్ కదా, అదే పోయిందనుకుని కొత్తది కొనేశాను. తుప్పు పట్టిన పాత సెన్సర్‌ని విప్పడానికే సగం రోజు పట్టింది. మూడు రోజులకు అదే లైటు, అదే కోడ్. సెన్సర్ నిజమే చెబుతోంది మరి! కుక్క ఎందుకు మొరుగుతోందో చూడకుండా కుక్కనే మార్చినట్టయింది నా పని.

తర్వాత తీరిగ్గా యాప్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు చూశాను. కంప్యూటర్ పెట్రోలును లెక్క కంటే ఎంత ఎక్కువో తక్కువో చిమ్మిస్తోందో చెప్పే శాతం అది. ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజన్ ఊరికే నడుస్తుంటే, 22 శాతం ఎక్కువ చూపిస్తోంది. ఇంజన్‌ని 2500 ఆర్‌పీఎమ్ దాకా రేజ్ చేస్తే 6కి దిగుతోంది. అలా దిగిందంటే ఎక్కడో గాలి దొంగతనంగా దూరుతోందనే అనుమానం. ఐడ్లింగ్‌లో ఇంజన్ పీల్చే గాలే కొంచెం, అందులో దొంగ గాలి వాటా ఎక్కువ. రేజ్ చేస్తే అసలు గాలి ముందు దొంగ గాలి ఏ మూలకీ రాదు. ఒక రబ్బరు గొట్టం ముక్క తీసుకుని, ఒక కొస చెవికి పెట్టుకుని, రెండో కొసను ఇంజన్ మీది పైపుల వెంబడి నడిపించాను. బెల్టుకీ ఫ్యానుకీ దూరంగానే, జుట్టు ముడేసుకునే. ఒక వంపు దగ్గర "స్..." అని పాము బుసలా వినపడింది. చిటికెన వేలంత లావు వ్యాక్యూమ్ హోస్ అక్కడ నెర్రెలు విచ్చింది. జానెడు హోస్ మారిస్తే పోయేదానికి నేను సెన్సర్ కొన్నాను. కోడ్ వెతకాల్సిన చోటు చెబుతుంది, కొనాల్సిన వస్తువు చెప్పదు. ఇవాళ అందుకే షాపుకి వెళ్లకుండా ముందు వెతుకుడే.

మూడో సిలిండర్‌లో మిస్ అంటే అనుమానించాల్సినవి ముఖ్యంగా నాలుగు: ప్లగ్‌కి కరెంటు పంపే కాయిల్, నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్, సిలిండర్ లోపలి ఒత్తిడి అంటే కంప్రెషన్. డబ్బు ఖర్చు కానిది ముందు. మా బండికి ఒక్కో ప్లగ్ నెత్తిన ఒక్కో కాయిల్ ఉంటుంది, 10 నంబరు బోల్టు ఒకటి విప్పితే ఊడి వస్తుంది. వైరు క్లిప్పుతో మాత్రం జాగ్రత్త. పదిహేనేళ్లు ఇంజన్ వేడికి కాగిన ప్లాస్టిక్ అది, అప్పడంలా విరుగుతుంది. నొక్కి పట్టుకుని లాగాలి, కోపంగా లాగకూడదు. మూడో కాయిల్‌ని ఒకటికి, ఒకటోదాన్ని మూడుకి మార్చి, కోడ్ చెరిపేసి స్టార్ట్ చేశాను. తప్పు కాయిల్‌దైతే మిస్ దానితోపాటు ఒకటో సిలిండర్‌కి వెళ్లి పీ0301 రావాలి. ఐదు నిమిషాలకు మళ్లీ పీ0303 వచ్చింది. కాయిల్ నిర్దోషి. ముందే నాలుగు కాయిల్స్ కొనుంటే నాలుగూ దండగ.

ఇక ప్లగ్. ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా ఆగాను. ప్లగ్ బిగుసుకునే హెడ్ అల్యూమినియందైతే వేడి మీద మరలు సులువుగా చెడతాయి. ప్లగ్ గుంటలో చేరిన ఇసుకనీ దుమ్మునీ సైకిల్ పంపుతో ఊదేశాను, లేకపోతే ప్లగ్ తీయగానే అదంతా సిలిండర్‌లో పడుతుంది. "టార్చ్ ఇటండీ" అంటే మా ఆయన పక్కింటి చెట్టు మీది ఉడతను చూస్తున్నారు, వెలుగు కూడా అటే.

ఇదిగో ప్లగ్, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను. కొన మీద గోధుమ బూడిద రంగు, బాగానే ఉంది. ఇప్పుడు ఈ తెల్లటి పింగాణీ చూడండి. ఇలా చూస్తే ఏమీ లేదు. కొంచెం తిప్పితే... అదిగో, వెంట్రుక లాంటి గీత. కడిగినా పోలేదు, గోరుతో రాస్తే తగులుతోంది. పగులు అది. స్పార్క్ కొనదాకా వెళ్లకుండా ఆ పగులు దారిన పక్కకు దూకేస్తోంది.

ఎందుకు పగిలిందంటారా? రెండేళ్ల కిందట ప్లగ్గులు మార్చింది నేనే. ఒకటి చేయి జారి సిమెంటు నేల మీద పడింది. చూస్తే బాగానే ఉందనిపించి బిగించేశాను. ఆ వీడియో మీరు చూసే ఉంటారు, ఆ "ఠంగ్" మాత్రం ఎడిటింగ్‌లో తీసేశాను. కింద పడ్డ ప్లగ్‌ని వాడకూడదని ఇప్పుడు చెబుతున్నాను.

అయినా నమ్మకం కోసం ఆ ప్లగ్‌ని ఒకటో సిలిండర్‌లో పెట్టి ఒక్క నిమిషం స్టార్ట్ చేశాను. పీ0301. దొరికింది! అప్పుడు షాపుకి వెళ్లి నాలుగూ కొత్తవి తెచ్చాను, ఎందుకంటే మిగతా మూడింటి కొన దగ్గర స్పార్క్ దూకే గ్యాప్ కూడా 1.3 మిల్లీమీటర్లకు అరిగింది, మా మాన్యువల్ ప్రకారం 1.1 ఉండాలి. కొత్త ప్లగ్ తలకు రబ్బరు గొట్టం తొడిగి దాంతో తిప్పుతూ దించాను. మర అడ్డంగా పడితే గొట్టమే జారిపోతుంది, హెడ్ పాడవదు. చివర్లో బిగింపు కొలిచే టార్క్ రెంచ్‌తో 18 న్యూటన్ మీటర్లు, మా మాన్యువల్‌లో ఉన్న లెక్క అది, మీ బండికి మీ మాన్యువల్ చూసుకోండి. స్టార్ట్ చేస్తే... వినండి. నేనేం మాట్లాడను, మీరే వినండి.

ఇక బ్యాటరీ. నాలుగు రోజులు తీయకపోతే చాలు, సెల్ఫ్ కొడితే టక్ టక్ టక్, అంతే. బ్యాటరీ కొని ఏడాదే. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఇంజన్ నడుస్తున్నప్పుడు 14.2 వోల్టులు, అంటే ఆల్టర్నేటర్ చార్జ్ చేస్తోంది. రాత్రంతా చార్జర్ పెడితే పొద్దునకు 12.6, అంటే నిండింది. బండి పడుకున్నాక ఏదో తాగేస్తోందన్నమాట.

పట్టుకునే పద్ధతి ఇది. నెగటివ్ కేబుల్ విప్పి, కేబుల్‌కీ బ్యాటరీకీ మధ్యలో మీటర్‌ని పెట్టాలి, 10 యాంపియర్ల సాకెట్‌లో వైరు గుచ్చి. ఎప్పుడైనా విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. పాజిటివ్ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలి మెరుపులు వస్తాయి. మీటర్ ఉండగా స్టార్ట్ చేయడానికి ప్రయత్నించకండి, మీటర్ ఫ్యూజు పోతుంది. లోపలి ఫ్యూజులు అందాలంటే డోర్ తెరిచి ఉంచాలి, కానీ మూసి ఉందని బండి అనుకోవాలి. అందుకు డోర్ లాక్‌లోని కొక్కేన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కేశాను. అయ్యాక హ్యాండిల్ లాగి కొక్కేన్ని విడిపించకుండా డోర్ వేస్తే లాక్ విరుగుతుంది, మర్చిపోకండి.

తర్వాత ఆగడమే పని. లోపలి కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ముప్పై నిమిషాలు కూర్చున్నాక మా ఆయన కళ్లజోడు కోసం వెనక డోర్ తెరిచారు. లైట్లన్నీ వెలిగాయి. మళ్లీ మొదటి నుంచి.

చివరికి మీటర్ 0.44 యాంపియర్ల దగ్గర ఆగింది. మామూలుగా 0.05 దాటకూడదు. మా బ్యాటరీ 45 యాంపియర్ అవర్, గంటకు 0.44 చొప్పున పోతే వంద గంటలకు ఖాళీ. నాలుగు రోజుల లెక్క కుదిరింది. ఫ్యూజులు ఒక్కోటీ తీస్తూ మీటర్ చూశాను. లోపలి లైట్ల ఫ్యూజు తీయగానే 0.03. కానీ లోపల లైట్లన్నీ ఆరిపోయే ఉన్నాయి! పైన లేదు, డోర్లలో లేదు, డిక్కీలో లేదు. మిగిలింది గ్లవ్ బాక్స్. అది మూస్తే లోపల లైటు ఆరిందో లేదో ఎలా చూడటం?

"వీడియో ఆన్ చేసి ఫోన్ లోపల పెట్టేద్దాం అమ్మా" అంది మా అమ్మాయి. ఫ్యూజు మళ్లీ పెట్టి, ఫోన్ లోపల ఉంచి మూత వేశాం. ఇది ఆ క్లిప్. చీకటిగా ఉండాలి. చూడండి, పసుపు వెలుగులో కారు మాన్యువల్ అట్ట ఎంత స్పష్టంగా కనిపిస్తోందో! మూత నొక్కాల్సిన స్విచ్ నాలుక విరిగిపోయింది. 5 వాట్ల బల్బు, 12 వోల్టుల మీద దాదాపు 0.42 యాంపియర్లు. తీయబోతే వేలు చురుక్కుమంది, అంత వేడి. బల్బు తీశాక 0.03. స్విచ్ దొరికేదాకా ఆ బల్బు కప్ హోల్డర్‌లోనే ఉంటుంది.

చేతులు ఎలాగూ మురికయ్యాయని చక్రం విప్పి బ్రేక్ ప్యాడ్లు చూశాను. బయటివి 5 మిల్లీమీటర్లు, లోపలివి 4. మూడుకి వస్తే మారుస్తాను. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి స్టాండ్లు వేశాను. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద దూరను. ఎయిర్ బ్యాగ్ వైర్లు, సస్పెన్షన్ స్ప్రింగులు, పెట్రోలు పైపులు కూడా నేను ముట్టను, అవి మెకానిక్‌కే.

ఒక్క పని మిగిలింది. కోడ్‌లు చెరిపినప్పుడల్లా బండి తనను తాను పరీక్షించుకున్న రికార్డు కూడా చెరిగిపోతుంది. మాకు పది రోజుల్లో పొగ పరీక్ష ఉంది. ఇప్పుడే తీసుకెళ్తే లైటు లేకపోయినా, బండి ఇంకా సిద్ధంగా లేదని వెనక్కి పంపేయొచ్చు. యాప్‌లో ఇప్పటికి మూడు పరీక్షలకు టిక్ పడింది, కెటలిటిక్ కన్వర్టర్‌ది పడలేదు. దానికి రేపు హైవే మీద అరగంట ఒకే వేగంతో నడపాలి. "వస్తారా?" అని మా ఆయన్ని అడిగాను.

"టార్చ్ పట్టుకోవక్కర్లేదు కదా?" అన్నారు.