మున్సిపల్ స్టేడియంలో ఆ ఐదు మ్యాచ్‌లు

అందరికీ నమస్కారం. పెద్దలతో పాటు పిల్లలు కూడా ఇంతమంది రావడం చాలా సంతోషంగా ఉంది. ముందు పిల్లలకే ఒక మాట చెప్తాను. వైజాగ్‌లో క్రికెట్ అంటే మీకు పీఎం పాలెం స్టేడియమే గుర్తొస్తుంది. అది రాకముందు ఊరి మధ్యలోనే ఒక ప్రపంచ కప్ మ్యాచ్ జరిగింది. ఆ గ్రౌండ్ పేరు ఇందిరా ప్రియదర్శిని స్టేడియం. మా నోట్లో మాత్రం ఎప్పుడూ మున్సిపల్ స్టేడియమే. 1988 నుంచి 2001 దాకా అక్కడ ఐదు అంతర్జాతీయ వన్డేలు ఆడారు.

మొదటిది 1988 డిసెంబర్ 10న, న్యూజిలాండ్‌తో. నేనప్పుడు తొమ్మిదో తరగతి. నాన్న తెల్లారకముందే లేపేశారు. అమ్మ కట్టిచ్చిన పులిహోర పొట్లం నా ఒళ్లో, ట్రాన్సిస్టర్ నాన్న చేతిలో. ఆట కళ్లెదుటే జరుగుతుంటే రేడియో ఎందుకని అడిగాను. "బౌలింగ్ వేసేది ఎవరో ఇంత దూరం నుంచి ఎలా తెలుస్తుందిరా?" అన్నారు. నిజమే, అప్పట్లో పెద్ద తెరలు లేవు. అందరివీ తెల్లబట్టలే, వాటి మీద పేర్లూ ఉండేవి కావు.

మేం వెళ్లింది శ్రీకాంత్ బాదుడు చూద్దామని. ఆయన ముందు బంతి పట్టుకుని 27 పరుగులకే 5 వికెట్లు తీసేశారు! పక్కనున్న పెద్దాయన రేడియోలో విన్నాక కూడా నమ్మలేదు. తర్వాత శ్రీకాంత్ 70 పరుగులూ కొట్టారు. మనం 4 వికెట్ల తేడాతో గెలిచాం. ఇంటికి వచ్చేసరికి నాకు గొంతు లేదు.

1994లో వెస్టిండీస్ వచ్చింది. సిద్ధూ 114 నాటౌట్. చివరికి మనం గెలిచింది 4 పరుగులతోనే. ఆఖరి ఓవర్ల టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమర్చుతాయి.

1996 ఫిబ్రవరి 23 సంగతి మాత్రం కొంచెం నిదానంగా చెప్పాలి. అంతకు కొన్ని వారాల ముందు కొలంబోలో బాంబు పేలింది. తమ మొదటి మ్యాచ్ అక్కడే ఆడాల్సి ఉన్నా ఆస్ట్రేలియా వెళ్లనంది. దాంతో ఆ ప్రపంచ కప్‌లో వాళ్లు మొదటిసారి మైదానంలోకి దిగింది మన ఊళ్లోనే, కెన్యా మీద. కవలలు మార్క్ వా, స్టీవ్ వా కలిసి మూడో వికెట్‌కు 207 పరుగులు జోడించారు. మార్క్ 130, స్టీవ్ 82. కెన్యా 97 పరుగుల తేడాతో ఓడింది. అయినా ఒటియెనో కొట్టిన 85కి మా వరసలో ప్రతి ఒక్కరం లేచి చప్పట్లు కొట్టాం. మనవాళ్లు లేని మ్యాచ్‌లో అంత మనసు పెట్టి చూడొచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

1999లో పాకిస్థాన్, శ్రీలంక ఆడాయి. 2001 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా మళ్లీ వచ్చి, హేడెన్, పాంటింగ్ సెంచరీలతో మనల్ని 93 పరుగులతో ఓడించింది. ఆ గ్రౌండ్‌లో అదే ఆఖరి అంతర్జాతీయ మ్యాచ్.

2005లో పీఎం పాలెంలో ధోనీ పాకిస్థాన్ మీద 148 కొట్టాక అందరి చూపూ అటే మళ్లింది. దానికి బాధ లేదు. 2024లో అక్కడ ఇంగ్లండ్‌తో టెస్టులో మన వైజాగ్ కుర్రాడు భరత్ వికెట్ల వెనక నిలబడితే మనందరి ఛాతీ ఉబ్బింది. కానీ ఈ ఊరికి పెద్ద క్రికెట్‌ను మొదట చూపించింది పాత గ్రౌండే. అక్కడికి మా వీధి పిల్లలు నడిచి వెళ్లేవారు, బస్సు చార్జీ కూడా అక్కర్లేదు. నా లెక్కలో అదీ వారసత్వమే, కోటలూ గుళ్లూ మాత్రమే కాదు.

అందుకే ఇక్కడున్న పెద్దలందరినీ ఒకటి అడుగుతున్నాను. ఇంట్లో ఏ ట్రంకు పెట్టె అడుగునో పాత టికెట్ ముక్కో, ఫొటోనో ఉంటే వెతికి తీయండి. దాని వెనక ఏ మ్యాచ్‌కు వెళ్లారో, ఎటువైపు కూర్చున్నారో, పక్కన ఎవరున్నారో రాసి తెచ్చివ్వండి. నా దగ్గర నాన్న ట్రాన్సిస్టర్ ఉంది. ముందుగా దాన్ని ఈ బల్ల మీద పెడుతున్నాను.