రెండు వాచీలు, మధ్యలో 50 కిలోమీటర్లు

నమస్కారం అండి. ఈ రోజు టేబుల్ మీద రెండు వాచీలు పెట్టుకుని కూర్చున్నాను. ఎడమ వైపున్నది మా నాన్నది, హెచ్‌ఎంటీ జనతా. పెళ్లికి మా తాతయ్య పెట్టిన వాచీ. అద్దం నిండా గీతలు, బెల్టు ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు. కీ ఇస్తే ఇప్పటికీ నడుస్తుంది. మైకు దగ్గర పెడతాను, ఒక్క క్షణం వినండి. వినబడిందా? కుడి వైపున్నది టైటాన్, నా మొదటి జీతంతో కొనుక్కున్నది.

మొదటిది ఇక్కడే, మన బెంగళూరు జాలహళ్లిలో పుట్టింది. రెండోది అత్తిబెలె దాటాక తమిళనాడులో వచ్చే హోసూరులో. మధ్యలో దాదాపు 50 కిలోమీటర్లు. జాలహళ్లి వాచీల ఫ్యాక్టరీ మూతపడింది. హోసూరు ఫ్యాక్టరీ నడుస్తోంది. ఈ మాట చెప్పగానే కామెంట్లలో ఏం వస్తుందో నాకు తెలుసు. "అది గవర్నమెంటు, ఇది ప్రైవేటు, అంతే కదా అన్నా!" అంతే కాదండి. రెండిటి వెనకా ప్రభుత్వమే ఉంది. టైటాన్ అంటే టాటావాళ్లది అనుకుంటాం. ఆ కంపెనీలో టాటా గ్రూపు మొత్తం వాటా కంటే తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో వాటా ఎక్కువ. దాదాపు 28 శాతం.

అందుకే ఈ వీడియో. పరిశ్రమలు పెట్టడం ప్రభుత్వం పనా కాదా అని మనం గంటలకొద్దీ వాదించుకుంటాం. పెట్టిన ప్రభుత్వ ఆఫీసు ఎలాంటిది అని మాత్రం అడగం.

ముందు హెచ్‌ఎంటీ సంగతి. 1953లో మొదలైంది, అదీ వాచీల కోసం కాదు. లేత్‌లు, మిల్లింగ్ మిషన్లు, అంటే యంత్రాలను తయారుచేసే యంత్రాల కోసం. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో చేతి గడియారాలు మొదలుపెట్టారు. ఆ తర్వాత అల్లుడికి వాచీ పెట్టడమంటే హెచ్‌ఎంటీ పెట్టడమే. పది కోట్లకు పైగా వాచీలు చేసిన సంస్థ అది. అక్కడ పనిచేసినవాళ్లు చేతకానివాళ్లంటే నేను ఒప్పుకోను. క్వార్ట్‌జ్, అంటే బ్యాటరీతో నడిచే వాచీ కూడా వాళ్లు చేశారు. కానీ సంస్థ బరువంతా కీ ఇచ్చే వాచీల మీదే ఉండిపోయింది. మార్కెట్టు మారేటప్పుడు పెద్ద పెట్టుబడి పెట్టాలంటే, ఆ నిర్ణయం జాలహళ్లిలో తేలేది కాదు, ఢిల్లీ దాకా పోవాలి. 2016 జనవరిలో వాచీల కంపెనీ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

ఇక హోసూరు. 1984. అప్పట్లో అది ధర్మపురి జిల్లాలో వెనకబడిన ప్రాంతం. మనవాళ్లు చాలామంది ఉన్న ఊరు, ఇప్పటికీ బజారులో తెలుగు వినబడుతుంది. ఎంఆర్‌టీపీ, అంటే పెద్ద కంపెనీల గుత్తాధిపత్యానికి కళ్లెం వేసే చట్టం ఉన్న రోజులవి. టాటాల్లాంటి పెద్ద గ్రూపులకు కొత్త లైసెన్సు రావడం గగనం. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ భాగస్వామిగా ఉంటే దారి దొరుకుతుంది. టిడ్కో ఆ భాగస్వామి అయింది. చుట్టుపక్కల ఊళ్లలో స్కూలు చదువు ముగించిన పిల్లలను తీసుకుని, ట్రైనింగ్ ఇచ్చి, వాచీలు బిగించే పనిలో పెట్టారు.

ఇక్కడ నాకు అన్నిటికంటే నచ్చిన విషయం చెబుతాను. టైటాన్ బోర్డు చైర్మన్ కుర్చీ టిడ్కోది. అందులో కూర్చునేది ఐఏఎస్ అధికారి. కంపెనీ నడిపేది టాటాల వైపు మేనేజింగ్ డైరెక్టరు. ఆ చైర్మన్లు బదిలీల మీద మారుతూనే ఉన్నారు. డీఎంకే వచ్చింది, అన్నాడీఎంకే వచ్చింది, మళ్లీ డీఎంకే వచ్చింది. అక్కడ ఒకరు పెట్టింది ఇంకొకరు తీసేయడం మామూలే. ఈ ఏర్పాటు మాత్రం చెక్కుచెదరలేదు. ఎందాకా మన పని, ఎక్కడి నుంచి మన పని కాదు అనేది కుర్చీలో ఉన్న మనిషికి కాదు, ఆఫీసుకే తెలుసు. ఆఫీసుకు జ్ఞాపకం ఉందన్నమాట. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఆ జ్ఞాపకం గురించే.

జ్ఞాపకం లేకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? విశాఖ ఉక్కు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ఫ్యాక్టరీ ప్రకటించారు. సరిగ్గా అదే నెల 1వ తేదీన దక్షిణ కొరియాలో పోహాంగ్ ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలయ్యాయి. అదేమీ డబ్బున్న దేశం కాదు. ఆ ఫ్యాక్టరీ గిట్టుబాటు కాదని ప్రపంచ బ్యాంకు పెదవి విరిచింది. తమను వలసగా పాలించినందుకు జపాన్ నుంచి వచ్చిన పరిహారం సొమ్ము మళ్లించి కట్టుకున్నారు. 1973 జులైకి మొదటి దశ పూర్తయింది. మనకు 1971లో శంకుస్థాపన జరిగింది. సోవియట్ యూనియన్‌తో ఒప్పందానికి 1979 వచ్చింది. ఫ్యాక్టరీ కోసం ప్రత్యేకంగా ఆర్‌ఐఎన్ఎల్ అనే కంపెనీ పెట్టడానికి 1982 వచ్చింది. పీవీ గారు జాతికి అంకితం చేసేసరికి 1992 ఆగస్టు 1. అక్కడ మూడేళ్లు, ఇక్కడ ఇరవై రెండేళ్లు. ఈ తేదీలు పక్కపక్కన రాసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పోహాంగ్‌లో కంపెనీ 1968లోనే పుట్టింది. పార్క్ తే-జున్ అనే ఆయన అప్పటి నుంచి 1992 దాకా దానికి పెద్దగా ఉన్నారు. 1977లో ఒక కట్టడం పునాది 80 శాతం పూర్తయ్యాక కాంక్రీటు నాసిరకమని తేలితే, పేల్చేసి మళ్లీ కట్టించారు. మధ్యలో ఆయన బదిలీ అయి ఉంటే, కొత్తగా వచ్చినాయన ఆ పునాది మీదే గోడ లేపేవాడేమో. కొరియా ఆఫీసర్లు కంపెనీలకు చౌక వడ్డీకి అప్పులు ఇప్పించారు, కానీ ఎగుమతి లెక్క చూపించమన్నారు. ప్రతి నెలా అధ్యక్షుడి ముందు మీటింగు. ఇచ్చిన చేయే వెనక్కి తీసుకోగలగాలి, దానికి పోయిన నెల ఎవరు ఏం మాటిచ్చారో గుర్తుండాలి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కొరియాలో అప్పుడున్నది సైన్యం నుంచి వచ్చిన నియంత పాలన. యూనియన్ల గొంతు నొక్కారు, ఎదిరించినవాళ్లను జైళ్లలో పెట్టారు. అది మనకొద్దు. అందుకే నేను హోసూరు ముందు చెప్పాను. ఓట్లు, పార్టీలు, గొడవలు అన్నీ ఉన్నచోటే ఆ పని జరిగింది.

ఇప్పుడు మా బాబాయి సంగతి. మదనపల్లె నుంచి వచ్చి బెంగళూరు పీణ్యలో, వేరే కంపెనీల ఆర్డర్ల మీద పని చేసిచ్చే చిన్న జాబ్‌వర్క్ షాపు పెట్టుకున్నాడు. రెండు లేత్‌లు, నలుగురు కుర్రాళ్లు. కంప్యూటరుతో నడిచే ఒక సీఎన్‌సీ మిషన్ కొన్నాడు, దానికి కరెంటు లోడు పెంచాలి. ఏ ఆఫీసో చెప్పను. పద్నాలుగు నెలలు పట్టింది. లంచం అడిగారా అంటే, లేదు. ఆ పద్నాలుగు నెలల్లో ముగ్గురు ఆఫీసర్లు మారారు. వచ్చిన ప్రతివాళ్లూ ఫైలు మొదటి పేజీ నుంచి చదివారు, అడిగిన కాగితమే మళ్లీ అడిగారు. మిషన్ మీద ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది, బ్యాంకు వాయిదా మాత్రం నెల నెలా కట్టాడు. పిన్ని గాజులు తాకట్టుకు వెళ్లింది ఆ ఏడాదే.

కారణం లేకుండా, ఇష్టమొచ్చినప్పుడు ఆఫీసర్లను బదిలీ చేయడం ఆపాలని రిటైరైన పెద్ద అధికారులే సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2013 అక్టోబరులో కోర్టు చెప్పింది: పోస్టులో కనీస కాలం ఉంచండి, నోటిమాట ఆదేశాలను కాగితం మీద పెట్టండి. మన దగ్గర ఎంతవరకు అమలవుతోందో మీ ఊరి ఆఫీసు గుమ్మం దగ్గర బోర్డు చూడండి. ఆఫీసర్ల పేర్లు, పక్కన తేదీలు ఉంటాయి. ఏ పేరు ఎన్ని నెలలుందో లెక్కపెట్టి కామెంట్లో రాయండి. పరిశ్రమలకు ఎన్ని ఎకరాలిచ్చారన్న లెక్క కంటే నాకు ఆ లెక్కే ముఖ్యం.

బాబాయి పని చివరికి ఎలా అయిందంటే, నాలుగోసారి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. ఫైలు పట్టుకుని నేరుగా షాపుకొచ్చాడు. ప్లాస్టిక్ కవరు ఎత్తి మిషన్ ప్లేటు మీద ఉన్న లోడు చూశాడు, ప్యానెల్ బోర్డు తెరిచి చూశాడు. అక్కడే స్టూలు మీద కూర్చుని ఒక పేజీ నోటు రాశాడు. ఏం పరిశీలించాం, ఏ కాగితాలు అందాయి, ఇక ఏవి అడగనక్కర్లేదు. "నేను రేపు మారిపోయినా ఇది చూస్తే చాలు సార్, మళ్లీ మొదటికి రాదు" అన్నాడట. తర్వాతి నెలలోనే అతనికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన ఆ నోటు చూసి సంతకం పెట్టాడు. బాబాయి ఆ పేజీ జిరాక్స్ తీయించి, షాపులో వినాయకుడి పటం పక్కన అంటించుకున్నాడు.